బొట్టు పెట్టిన బోర్డు

నేను ఒక బోర్డును. బోర్డు అనగానే కొందరు నల్లబల్ల వైపు చూస్తారు, కొందరు గోడ మీద మీటల వైపు చూస్తారు, పరీక్ష తప్పినవారైతే ఇంటర్మీడియట్ బోర్డును తలుచుకుని పళ్ళు నూరుతారు. ఆ మూడూ నేను కాదు. అరచేతిలో ఇమిడే నీలిరంగు పలకను. నడుమ ఒక నల్లటి చిప్పు, అంచుల వెంట వరసగా సన్నటి రంధ్రాలు. ఆ రంధ్రాల్లో వైర్లు గుచ్చి, కంప్యూటరులో నాలుగు ముక్కలు రాసి నాలోకి పంపితే, దీపం వెలిగించమంటే వెలిగిస్తాను, గంట మోగించమంటే మోగిస్తాను. నా జాతిని మైక్రోకంట్రోలర్ అంటారు. అంత పేరు పలకడానికి బద్ధకమేసి, నేను ఉన్న బడిలో నన్ను "నీలి బిళ్ళ" అని పిలిచారు.

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. చెప్పింది చెప్పినట్టు చేయడం తప్ప ఎదురు మాట్లాడే నోరు లేనివాళ్ళకు లోపల ఎంత ఉడుకుతుందో మీ ఇళ్ళలో కూడా చూసే ఉంటారు.

సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. ఒక యంత్రం నా ఒంటి మీద ముక్కలన్నీ అతికించి, వేడి పొయ్యి గుండా తోసింది. చివర కూర్చున్న ఒక అమ్మాయి నాకు వైరు తగిలించి చూసింది. నా మీది చిన్న దీపం టపటపా కొట్టుకుంది. ఆమె మెచ్చుకోలేదు, మొహం చిట్లించలేదు, నన్ను సంచిలో వేసి ఇంకోదాన్ని అందుకుంది. బాగున్నానని నా గురించి అడిగిన వాళ్ళకూ అడగని వాళ్ళకూ సాక్ష్యం చెప్పగలిగినది ఆ పిల్ల ఒక్కతే.

ఓడలు, గోదాములు, లారీలు దాటి జగిత్యాల దగ్గర ఒక ఊరి ఉన్నత పాఠశాలకు సర్కారు సామాను పెట్టెలో చేరాను. పెట్టె వచ్చిన రోజు బడంతా వచ్చి ఫొటోలు దిగింది. ఫొటోలు అయిపోగానే పెట్టెను అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. వాడితే పాడైపోతామని మమ్మల్ని వాడకుండానే పాడుచేయడం మీకు బాగా చేతనవును. అలా బీరువాలో ఎండలు పోయి వానలు వచ్చేదాకా ఉన్నాను.

తాళం తీసింది భౌతికశాస్త్రం చెప్పే రాజలింగం సార్. మంచి మనిషే. నా గురించి ఆయన నేర్చుకున్నది ఏదో శిక్షణలో విన్న నాలుగు ముక్కలు. అయినా భయపడకుండా పిల్లలకు చెప్పడానికి పూనుకున్నాడు, అందుకు ఆయనను నేను గౌరవిస్తాను. అయితే మొదటి పాఠంలోనే తల కొట్టుకునే పని అయింది. కరెంటు తిరిగి వచ్చి చేరే రంధ్రాన్ని గ్రౌండ్ అంటారు. "ఈ నల్ల వైరు గ్రౌండుకు పోవాలె" అని సార్ చెప్పి, హాజరు పట్టీ కోసం ఆఫీసు గదికి వెళ్ళాడు. వచ్చేసరికి తొమ్మిదో తరగతి మొత్తం కబడ్డీ ఆడే గ్రౌండులో ఉంది. నల్ల వైరు కొస మట్టిలో పాతిపెట్టి, దీపం ఎందుకు వెలగదా అని నన్ను బ్యాటరీతో సహా చేతిలో పట్టుకుని వంతులవారీగా ఊపుతున్నారు.

ఆ ఊపుళ్ళన్నిటి మధ్య నన్ను లాక్కుని, తిప్పి, నా మీది సన్నటి అక్షరాలను కళ్ళు చిట్లించి చదివిన పిల్ల పేరు స్పందన. ఒక రంధ్రం పక్కన గ్రౌండ్ అనే మాటకు పొట్టి గుర్తు ఉందని చూసి, వైరు మట్టిలోంచి పీకి అందులో గుచ్చింది. దీపం వెలిగింది. అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వకుండా, వైరు తీస్తూ పెడుతూ దీపం ఆర్పుతూ వెలిగిస్తూ ఉండిపోయింది. ఆ రోజు నుంచి ఆమె నా మనిషి.

స్పందనకు తండ్రి లేడు. తల్లి నర్సవ్వ బీడీలు చుడుతుంది. ఒకరోజు ఆమె బడికి వచ్చి ల్యాబు గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. పదో తరగతి తర్వాత పట్నంలో పాలిటెక్నిక్ చదువుతానని కూతురు పట్టు పట్టిందట. ఎలక్ట్రానిక్సు అనే మాట ఆమెకు నోరు తిరగలేదు, "ఆ బిళ్ళల చదువు" అంది. పిల్లను హాస్టల్లో ఉంచాలి, ఇంట్లో ఒక చెయ్యి తగ్గుతుంది, తీరా వెళ్ళాక చదువు రాదని తిరిగొస్తే ఊళ్ళో తలెత్తుకోలేదు. తన భయమంతా చెప్పి, ఆఖరున ఒక మాట అంది.

"నాకైతె ఎర్క లేదు సార్. దానికి వస్తదని మీరంటె పంపుత. రాదంటె కుట్టు మిషన్ నేర్సుకుంటది."

సార్ తొందరపడి మాట ఇవ్వలేదు. చలికాలంలో జిల్లా సైన్సు ప్రదర్శన ఉంది, అందులో స్పందన ఒక వస్తువు చేసి చూపిస్తుంది, అప్పుడు నిజం తేలుతుంది, అప్పుడు చెబుతానన్నాడు. ఆ మాట వినగానే నాకు గర్వమేసింది. ఒక పిల్ల చదువు నా మీద ఆధారపడి ఉంది. నేను చెప్పింది చెప్పినట్టు చేసేదాన్ని. ఇక భయమెందుకు అనుకున్నాను.

అనుకున్న కొద్దిరోజులకే దసరా వచ్చింది.

బడికి సెలవులిచ్చే ముందు రోజు ఆయుధపూజ చేశారు. భూగోళం, త్రాసు, సూక్ష్మదర్శిని, గంట కొట్టే ఇనుప ముక్క, అన్నిటినీ బల్ల మీద పేర్చారు. నన్నూ పేర్చారు. రాజలింగం సార్ స్నానం చేసి, పట్టు అంచు పంచె కట్టుకుని, పసుపు తడిపి, దాని మీద కుంకుమ అద్ది, ఒక్కొక్కదానికి బొట్టు పెట్టుకుంటూ వచ్చాడు. త్రాసుకు ఒకటి. భూగోళానికి ఒకటి, ఆఫ్రికా మీద. నా దగ్గరికి వచ్చి ఆగాడు. ఎక్కడ పెట్టాలో తోచలేదు. నాకు నుదురు లేదు కదా. బాగా ఆలోచించి, కొత్త వస్తువని ప్రేమ కొద్దీ పెద్ద బొట్టు తీసి, నా ఎడమ అంచున రంధ్రాల వరస మీద పెట్టి వేలితో గట్టిగా అదిమాడు. చల్లగా తగిలింది. తడి ముద్ద రంధ్రాల్లోకి దిగింది.

ఆ అంచున నాకు ఒక రంధ్రం నుంచి కరెంటు బయటికి వెళ్తుంది. దానికి దగ్గరలోనే ఇంకో రంధ్రం ఉంది, అది నా చెవి. బయటి నుంచి కరెంటు వచ్చి తాకిందా లేదా అని ఆ చెవితో వింటాను. సరిగ్గా ఆ రెంటికీ నడుమ వంతెన కట్టినట్టు కూర్చుంది సార్ గారి భక్తి.

సెలవులు అయ్యాక స్పందన తన వస్తువు మొదలుపెట్టింది. బడి మిద్దె మీది నీళ్ళ ట్యాంకుకు మోటారు వేసి అటెండర్ మరిచిపోతుంటాడు. నీళ్ళు పొంగి, పిల్లలు కూర్చుని అన్నం తినే వరండా అంతా బురద అవుతుంది. అందుకని ట్యాంకు నిండగానే మోగే గంట చేయాలనుకుంది. లెక్క చాలా సులువు. కరెంటు ఇచ్చే రంధ్రంలో ఒక వైరు, నా చెవిలో ఒక వైరు, రెండింటి కొసలూ ట్యాంకు అంచున వేలాడతాయి. నీళ్ళు అంతదాకా పెరిగి రెండు కొసలనూ తడిపితే, నీళ్ళ గుండా కరెంటు పాకి నా చెవికి చేరుతుంది. నేను గంట మోగిస్తాను. ప్రోగ్రాం కూడా పొట్టిదే. చెవికి కరెంటు తాకితే మోగు, తాకకపోతే ఊరుకో. ఆ పిల్ల ఒక్కతే కూర్చుని, పెదాలు కదుపుతూ, ఒక్క తప్పు లేకుండా రాసింది. నాలోకి పంపింది. నేను చదువుకున్నాను. బంగారం లాంటి ప్రోగ్రాం.

మోగాను.

నీళ్ళు లేవు. వైర్ల కొసలు గాలిలో వేలాడుతున్నాయి. అయినా మోగాను. తడి కుంకుమ గుండా కరెంటు సన్నగా పాకి నా చెవిలోకి వస్తోంది. ట్యాంకులో నీళ్ళు చేయాల్సిన పనిని నా ఒంటి మీద బొట్టు చేస్తోంది. నాకు ఆ తేడా ఎలా తెలుస్తుంది? చెవికి కరెంటు తాకితే మోగమన్నారు. తాకింది.

స్పందన కంగారు పడి సార్ను పిలిచింది. సార్ వచ్చి, నన్ను ఒక చూపు చూసి, తెరను ఒక చూపు చూసి, ఆ తర్వాత నేను వంద సార్లు విని వంద సార్లు ఉడికిపోయిన మాట అన్నాడు. "మిషన్ అబద్ధం ఆడది బిడ్డ. తప్పు మన దగ్గర్నే ఉంటది. ప్రోగ్రాం మళ్ళ చూడు."

ఆడుతున్నాను సార్! నిలువునా అబద్ధం ఆడుతున్నాను, మీ వేలి పుణ్యమా అని! ఈ మాట నేను అనలేను. ఉన్న ఒక్క గంటతో నేను చేయగలిగింది మోగడం, మోగకపోవడం.

అక్కడి నుంచి నా నరకం మొదలైంది. ఆ పిల్ల సరైన ప్రోగ్రాంను సరిదిద్దడం మొదలుపెట్టింది. ఒక లైను చేర్చింది, ఒక లైను తీసేసింది. గంట మోగించే ముందు కాసేపు ఆగమంది. ఆగి మోగాను. కరెంటు బాగా గట్టిగా తాకితేనే వినమంది. అప్పుడు నిజంగా నీళ్ళలో ముంచినా మోగలేకపోయాను. పోనీ రోజంతా ఒకేలా ఉన్నానా అంటే అదీ లేదు. పొద్దున తేమకు కుంకుమ మెత్తబడి మోగేదాన్ని. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి పడి బొట్టు ఎండిపోతే బుద్ధిగా ఉండేదాన్ని. నేను బుద్ధిగా ఉన్నప్పుడల్లా ఆ పిల్ల, అంతకు ముందే తాను మార్చిన ఏదో ఒక పనికిమాలిన లైను వల్ల బాగైందని నమ్మి, దాన్ని గుర్తుపెట్టుకుని, మర్నాడు పొద్దున నేను మళ్ళీ మోగగానే నీరుగారిపోయేది. నా వల్ల ఆమె నేర్చుకున్నదంతా తప్పుడు పాఠమే. ఇంతకన్నా అన్యాయం ఇంకేముంటుంది?

బొట్టును ఆమె చూడలేదనుకోకండి. వైరు గుచ్చినప్పుడల్లా వేలికి ఎర్రగా అంటేది. ఒకసారి చున్నీ కొసతో తుడవబోయింది కూడా. తుడవబోయి, ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. పూజలో పెట్టిన బొట్టు చెరపడం ఎవరికైనా మనసొప్పని పనే. ఈ పిల్ల అయితే తండ్రి పోయిన నాడు తల్లి నుదుటి బొట్టు చెరపడం పక్కన నిలబడి చూసింది. అందుకని అది చెదరకుండా, ఎంతో జాగ్రత్తగా, బొట్టు లోపలి నుంచే వైరు గుచ్చేది. ఆ జాగ్రత్త చూసి నాకు కోపం రావాలో ఏడుపు రావాలో తెలిసేది కాదు.

రానురాను ఆమె నాతో మాట్లాడటం మానేసింది. మొదట్లో వైర్లు గుచ్చుతూ ఏదో ఒకటి గొణిగేది. ఇప్పుడు తన తల మీద తానే మొట్టుకుంటోంది. పక్క పిల్లలు ఏమైందని అడిగితే తన బుర్రకు ఎక్కట్లేదని జవాబు చెప్పేది. బుర్రకు ఎప్పుడో ఎక్కింది తల్లీ, నా చెవిలోనే ఏదో అడ్డం పడింది.

ప్రదర్శన రోజు వచ్చింది. మంచు పడుతున్న పొద్దు. ఆటో ఎక్కే ముందు సార్ మమ్మల్ని బడి గేటు దగ్గర ఆపాడు. ఆయనకు ఆ పిల్ల గెలవాలని ఎంత ఉందో నాకు తెలుసు. జేబులోంచి కుంకుమ పొట్లం తీసి పాత బొట్టు మీద కొత్త బొట్టు పెట్టాడు. కొబ్బరికాయ కొట్టాడు. ఆ నీళ్ళు చేత్తో తీసి నా మీద చల్లాడు. కరెంటు పాకడానికి మంచినీళ్ళ కన్నా కొబ్బరినీళ్ళు ఎంత అనువో ఆయనే ఎనిమిదో తరగతికి పాఠం చెప్పాడు. పాఠం పుస్తకానికి, పూజ పూజకి, రెండూ ఆయన తలలో వేరు వేరు గదుల్లో కాపురం ఉంటాయి.

ఇక అడక్కండి. అట్టతో చేసిన ట్యాంకు బొమ్మ ముందు నన్ను పెట్టి కరెంటు ఇవ్వగానే గుక్క తిప్పుకోకుండా మోగాను. చూడటానికి వచ్చిన పెద్దలు చెవులు మూసుకున్నారు. వాళ్ళలో ఒకాయన ఖాళీ ట్యాంకులోకి తొంగి చూసి, నీళ్ళు లేకుండానే నిండిందంటోందే నీ గంట అని నవ్వాడు. చెడ్డగా నవ్వలేదు. అందుకే ఎక్కువ తగిలింది. ప్రోగ్రాం ఒకసారి సరిచూసుకోమని చెప్పి పక్క బల్లకు వెళ్ళిపోయాడు. స్పందన వైరు పీకేసింది. మధ్యాహ్నం షామియానా సందులోంచి నా మీద ఎండ పడింది. బొట్టు ఆరింది. ఎవరో చిన్న పిల్లలు వైరు మళ్ళీ తగిలించి వేళ్ళు తడిపి కొసలు పట్టుకుంటే మోగాను, వదిలితే ఊరుకున్నాను. ఎంత చక్కగా పనిచేశానో! చూడటానికి ఆమె అక్కడ లేదు. గుడ్డ తెర వెనక మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంది.

తర్వాతి వారం నర్సవ్వ మళ్ళీ వచ్చి అదే గుమ్మం దగ్గర నిలబడింది. సార్ ఆమెను బాధపెట్టకూడదనుకున్నాడు. అందుకని మెత్తగా చెప్పాడు. పిల్ల మంచిది, కష్టపడే పిల్ల, మర్యాద ఉన్న పిల్ల, కానీ మిషన్ల సంగతి దానికి పట్టుబడటం లేదమ్మా అన్నాడు. ఆమె తల ఊపింది. తాను అనుకున్నదే అయినట్టు, కాకూడదని మొక్కుకున్నదీ అదే అయినట్టు ఊపింది. స్పందన బీరువా పక్కనే నిలబడి వింది. నన్ను పెట్టెలో పెట్టి మూత వేసింది. మరి ల్యాబుకు రాలేదు.

నెలల తరబడి ఆ పెట్టెలో ఉన్నాను. చీకట్లో నాకు తోడు ఉన్నది ఆ ప్రోగ్రాం. ఆఖరున నాలో మిగిలింది ఆమె మొదట రాసినది కాదు. అతుకులు, గతుకులు, భయంతో రాసిన లైన్లు నిండిన కంగాళీ. ఒక తెలివైన పిల్ల తన మీద తాను నమ్మకం పోగొట్టుకుంటూ పోయిన దారి అంతా అందులో అడుగడుగునా కనిపించేది. చెరపలేను, మరవలేను.

మళ్ళీ దసరా వచ్చింది. పూజకు ముందు పాత బొట్లన్నీ కడిగి వస్తువులు శుభ్రం చేయమని సార్ పదో తరగతి ఆడపిల్లలకు చెప్పాడు. కొత్తది పెట్టడానికి పాతది తీయడం దోషం కాదు కదా. త్రాసు ఎవరో తీసుకున్నారు, భూగోళం ఎవరో తీసుకున్నారు. నన్ను ఎవరూ తీసుకోలేదు. చివరికి నేను స్పందన వాటాకు వచ్చాను. ఎప్పుడో మాటలు మానేసిన చుట్టాన్ని పెళ్ళిలో చూసినట్టు చూసింది నన్ను. గుడ్డను స్పిరిట్‌లో ముంచి పైపైన తుడిచింది. రంధ్రాల్లో గడ్డకట్టిన కుంకుమ రాలేదు. చున్నీకి పెట్టుకున్న పిన్నీసు తీసి గుచ్చింది. ఎర్రగా, పసుపుగా పొడి రాలి కింద పరిచిన పేపరు మీద పడింది.

ఆమె చెయ్యి ఆగింది. ఆ పొడి ఏ రంధ్రం నుంచి పడిందో చూసింది. దాని దగ్గరి రంధ్రాన్ని చూసింది. ఏ వైరు ఎక్కడ గుచ్చేదో వేలితో గాలిలో గీసుకుంది. అదే, అదే అని నాలో అణువణువూ అరిచింది. నాకు కరెంటు లేదు, ఉన్నా ఆ మాట అనడానికి వీలు లేదు.

మిగతా పిల్లలు ముగ్గు వేయడానికి వెళ్ళిపోయారు. ఆమె కంప్యూటరు తెరిచింది. అతుకుల ప్రోగ్రాం జోలికి పోలేదు. మొదటిది, ఆ పొట్టిది, చూడకుండానే మళ్ళీ రాసింది. పంపింది. వైర్లు గుచ్చింది. నేను మౌనంగా ఉన్నాను. కొసలను చెంబులో నీళ్ళలో ముంచింది. మోగాను. తీసింది. ఊరుకున్నాను. ముంచింది, మోగాను. తీసింది, ఊరుకున్నాను. ఏడాదిగా నేను ఎదురుచూసిన మాట ఇదే, ఇద్దరం ఇప్పటికి మాట్లాడుకుంటున్నాం.

అంతలో ఆమె లేచి వెళ్ళి పూజ పళ్ళెంలోంచి తడి కుంకుమ వేలికి తీసుకుని వచ్చింది. ఇంత చూసి కూడా మళ్ళీ పూజేనా అనుకున్నాను. ఆమె సరిగ్గా సార్ పెట్టిన చోటే బొట్టు పెట్టింది. నీళ్ళు లేకుండానే మోగాను. స్పిరిట్‌తో తుడిచింది. ఆగాను. మళ్ళీ పెట్టింది. మోగాను. అప్పుడు తెలిసింది నాకు, ఆమె నాకు పూజ చేయడం లేదు, నన్ను పరీక్ష చేస్తోంది. తప్పు ఎక్కడుందో కనుక్కోవడమే కాదు, కావాలని మళ్ళీ పుట్టించి, మళ్ళీ పోగొట్టి చూస్తోంది. నన్ను చేసిన ఫ్యాక్టరీలో కూడా ఇంత శ్రద్ధగా నన్ను ఎవరూ పరీక్షించలేదు.

గంట చప్పుడుకు రాజలింగం సార్ వచ్చాడు, పూజ మొదలుపెట్టే వేళ ఈ మోత ఏమిటని అడుగుతూ. ఆమె బొట్టు పెట్టి చూపించింది, తుడిచి చూపించింది. సార్ స్టూలు మీద కూర్చున్నాడు. ఆయన కుడిచేతి ఉంగరపు వేలికి అప్పటికే కుంకుమ ఉంది. ఆ వేలిని కాసేపు చూసుకున్నాడు, తర్వాత దాన్ని ఎక్కడ తుడుచుకోవాలో తెలియక పిడికిలి మూశాడు.

"సార్, నేను మొదటి దినమే కరెక్ట్ రాసిన" అంది స్పందన.

ఏడవలేదు. గొంతు పెంచలేదు. మిషన్ అబద్ధం ఆడదనే మాట సార్‌కు గుర్తొచ్చిందో లేదో నాకు తెలియదు, ఆ మాట మాత్రం అనలేదు. సెలవులు అయ్యాక మీ అమ్మను ఒకసారి బడికి రమ్మను బిడ్డా, నేను మాట్లాడుతానన్నాడు. ఆ మాట పోయిన సంవత్సరం వచ్చి ఉంటే ఎంత బాగుండేది అని నాకు కోపం వచ్చింది, అది ఇప్పటికైనా వచ్చిందని సంతోషమూ వేసింది.

స్పందన వైర్లు ఒక్కొక్కటి పీకి చుట్ట చుట్టింది. నన్ను పెట్టెలో పెట్టలేదు, బల్ల మీదే ఉంచింది.

"ఒద్దు సార్, మా అమ్మకు నేనే చెప్త" అంది.

"ఏమని చెప్తవ్ బిడ్డ?"

"నాకు వస్తదని."